చిగురు మీద తెల్ల గింజ

మొన్న మదనపల్లెలో నా రక్తపోటు మాత్రలు కొనుక్కుందామని మందుల షాపు ముందు నిలబడి ఉంటే, నాకు ముందున్న కుర్రాడు తన ఫోను షాపాయన మొహానికి ఆనించినంత పని చేసి ఏదో ఫోటో చూపిస్తున్నాడు. వెనక అతని భార్య, ఆమె భుజాన తువ్వాలులో చుట్టిన పసిబిడ్డ. పరాయి వాళ్ళ ఫోన్లలోకి తొంగి చూడకూడదన్న మర్యాద నాకు తెలియనిది కాదు గానీ, అతను వేళ్ళతో సాగదీసి సాగదీసి ఆ బొమ్మను హార్సిలీ కొండంత చేశాడు కాబట్టి, అది చూడకుండా ఉండాలంటే నేను ఊరు దాటి పోవాలి. బిడ్డ నోరు అది. పై చిగురు మీద ఆవగింజంత తెల్లటి చుక్క. "అన్నా, ఇది పన్నా? నెల బిడ్డికి పన్నొస్తాదా?" అని ఆ అబ్బాయి అడుగుతుంటే, షాపాయన కళ్ళజోడు పైకి తోసి, "పిల్లల డాక్టరమ్మకు సూపించుకోప్పా, నేను ఫోటోకు మందియ్యలేను" అన్నాడు. వాళ్ళు బండెక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఏ మాత్రలకు వచ్చానో మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

మన ఈడు వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మన కాలంలో బిడ్డ నోట్లో మొలిచే పన్ను బిడ్డ ఒక్కదాని సొత్తు కాదు, వీధి మొత్తానిది. కింది చిగురున ముందు మొలిస్తే సరే, అందరూ హాయిగా సంగటి తిని పడుకోవచ్చు. పైన ముందు మొలిచిందా, ఇక మేనమామకు గండం. నెలలు నిండకుండానే పైన మొలిచిందంటే, ఆ గండం పల్లెవెలుగులో కాకుండా ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరిందని లెక్క. ఆ లెక్కన ఈ భూమి మీద అత్యంత వేగంగా గండం బయల్దేరిన మేనమామను నేనే.

మాది పుంగనూరు. నాయనకు అక్కడ బెల్లం మండీ ఉండేది, అందుచేత మా ఇంట్లో మనుషుల కంటే ఈగలు ఎక్కువ, మాటల కంటే చీమలు ఎక్కువ. అక్క తరువాత మా అమ్మకు వరసగా ఇద్దరు మగబిడ్డలు పుట్టి పొత్తిళ్ళలోనే పోయారట. ఆ తరువాత పుట్టినవాడిని నేను. దేవుడి కన్ను నా మీద పడకుండా మా అమ్మ నన్ను చేటలో పెట్టి పొరుగింటామెకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. నా ముక్కు కూడా కుట్టించింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అద్దంలో చూసుకున్నప్పుడల్లా నా వెల తవుడేనని గుర్తు చేస్తుంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత జరిగినదానికి మా అమ్మను మీరు తిట్టుకోబోయే ముందు ఆ ఇద్దరు పిల్లలను కూడా ఒకసారి తలుచుకుంటారని.

అక్కను కుప్పంలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసే బావకు ఇచ్చారు. తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. నేనప్పుడు మదనపల్లె కాలేజీలో చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు, కాలేజీలో మాత్రం ఆ అనుమానం ఎవరికీ ఉండేది కాదు. ఆడబిడ్డ పుట్టింది. బాలింత గదిలోకి మగవాళ్ళు పోకూడదు గనక పురిటి స్నానం అయ్యేదాకా నేను బిడ్డను చూడలేదు. ఆ స్నానం రోజు తెల్లవారుజామున, వీధిలో అందరి బిడ్డలకూ నీళ్ళు పోసే అవ్వ బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నాలుక మీది పాలు తుడవాలని నోరు తెరిచి, ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు మా మండీలో బెల్లం దిమ్మెలు కదిలాయంటే మీరు నమ్మాలి.

"పన్నుమే! పైన పన్నొచ్చిండాది మే!"

అంతే. పై చిగురు మీద తెల్లటి గింజ. గట్టిగా ఉంది, వేలికి తగులుతోంది. అమ్మ చూసింది, పెద్దమ్మ చూసింది, వీధి ఆడవాళ్ళు వరసగా వచ్చి చూశారు, టార్చిలైటు వేసి మరీ చూశారు. సోమల నుంచి పంచాంగం చెప్పే తాతను పిలిపించారు. ఆయన బిడ్డ నోటిని చూడనేలేదు, నా మొహాన్ని చూశాడు. చూసి నిట్టూర్చాడు. కింది పళ్ళు మొలిచేదాకా మేనమామ బిడ్డ మొహం చూడకూడదని, మొలిచాక మొదట కంచు గిన్నెలో నూనె పోసి అందులో బిడ్డ నీడను చూసి, తరువాతే బిడ్డను చూడాలని తేల్చాడు.

ఆ రోజు నుంచి నా బతుకు రాజయోగం. సైకిలు ఎక్కనివ్వరు, బావి దగ్గరికి పోనివ్వరు, పామున్నా లేకున్నా చీకటి పడితే గడప దాటనివ్వరు. పుంగనూరు ఆవు నా నడుము ఎత్తు కూడా ఉండదు, అది వీధిలో ఎదురొచ్చినా మా అమ్మ పరుగెత్తుకొచ్చి నా ముందు అడ్డం నిలబడేది. కాలేజీకి పోయే బస్సు కూడా గండమే గనక నా చదువు విషయంలో ఇంటికీ కాలేజీకీ ఉన్న అభిప్రాయభేదం అంతటితో తీరిపోయింది. అన్నం తింటుంటే గొంతులో ముద్ద అడ్డం పడుతుందేమోనని అమ్మ పక్కనే నీళ్ళ చెంబుతో కూర్చునేది. నా ప్రాణం ఇంత అపురూపమైన వస్తువని అప్పటిదాకా నాకే తెలియదు. నేను కాస్త గర్వపడ్డాను కూడా.

వెనక గదికి అమ్మ పాత చీర ఒకటి అడ్డం కట్టింది. ఆ చీర వెనక బిడ్డ ఏడ్చేది. మొదట ఆకలి ఏడుపు, తరువాత అది వేరే ఏడుపయింది. రొమ్ము నోట్లో పెట్టుకోవడం, రెండు గుక్కలు తాగడం, వదిలేసి గుక్కపెట్టి ఏడవడం. అక్కకు కూడా పాలిచ్చేటప్పుడు సూదులతో పొడిచినట్టు ఉండేదట, పళ్ళు కొరుక్కుని ఓర్చుకునేదట. ఇల్లంతా దానికి ఒకటే కారణం చెప్పింది: పన్ను. పన్ను మొలుస్తోంది గనక ఏడుస్తోంది, పన్ను గీరుతోంది గనక తల్లికి నొప్పి. రోజుకు ఎందరో ఆ చిన్న నోరు తెరిచి చూసేవారు. అందరూ పై చిగురునే చూసేవారు. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు మీగడలా తెల్లగా పూత పేరుకుపోతుంటే, అది పాల విరుగుడని గుడ్డతో గీరేసేవారు. గీరితే కింద ఎర్రగా నెత్తురు చెమ్మ కనిపించేది. దానికి తేనెలో వెలిగారం కలిపి పూసేవారు. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చేది. బొద్దుగా పుట్టిన బిడ్డ చెంపలు లోపలికి పోవడం మొదలుపెట్టాయి.

అవి నేను చూడలేదు. చీరకు ఇవతల కూర్చుని విన్నాను. అక్క ఒక్కోసారి చీర సందు నుంచి చెయ్యి బయటికి చాపేది, నేను అందులో బెల్లం ముక్కో వేరుశెనగ ఉండో పెట్టేవాడిని. అదే మా ఇద్దరి మాటామంతీ.

ఒక పొద్దున అమ్మ, నీళ్ళు పోసే అవ్వ కలిసి ఒక ఆలోచన చేశారు. పన్ను ఇంకా లేతగానే ఉంది కదా, సన్నటి పట్టుదారం ముడివేసి ఒక్క లాగు లాగేస్తే గండమే పోతుంది. అవ్వ దారం తడిపి సిద్ధం చేసింది. అక్క బిడ్డను గుండెకు కరుచుకుని గోడ మూలకు పోయింది.

"తాకితే సూడు అవ్వా! నెత్తురు ఆగకపోతే ఏం జేస్తావు?"

"చీమ కుట్టినంతే లేమ్మీ. మీ తమ్ముడి కోసరమే కదా."

"వాడు గుండ్రాయి మాదిరి ఉండాడు. సచ్చేది నా బిడ్డి. పాలు తాగక సస్తాండాది, సూడండి!"

అప్పుడు మా అమ్మ ఒక మాట అంది. కోపంతో కూడా కాదు, చాలా మెల్లగా, బతిమాలుతున్నట్టే అంది. చీరకు ఇవతల నేను విన్నాను. ఇన్నేళ్ళయినా ఆ గొంతు నా చెవిలో అట్లాగే ఉంది.

"నీకు ఇంగో బిడ్డ పుడతాదే. నాకు ఇంగో కొడుకు యాడ పుడతాడు?"

కాసేపటికి చీర తొలిగింది. అక్క తలకు గుడ్డ కట్టుకుని, బిడ్డ మొహం మీదుగా కొంగు కప్పుకుని, ఒక చేత్తో గుడ్డల సంచీ పట్టుకుని బయటికి వచ్చింది. పచ్చి బాలింత గాలిలోకి పోకూడదని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. అక్క విదిలించుకుంది. నాయన మండీలో ఉన్నాడు. అమ్మ గడప దగ్గర కూర్చుండిపోయింది. నాతో మాత్రం, "నువ్వు పోవద్దురా, నాయనా" అంది. నేను పోయాను. సంచీ అందుకుని ముందు నడిచాను, అక్క వెనక నడిచింది. బస్టాండుదాకా వెనక్కి తిరగకుండా నడిచిన మేనమామను పుంగనూరు బజారు అంతకు ముందు చూసి ఉండదు. మెడ కర్రలా బిగించి, వినాయకుడి ఊరేగింపులో బొమ్మలా పోయాను.

మదనపల్లె బస్సులో అక్క ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను రెండు వరసల వెనక నిలబడ్డాను. బస్సు కదిలాక బిడ్డ గుక్కపట్టింది. అక్క దాన్ని ఎత్తి భుజాన వేసుకుంది. ఇక చూడండి, బిడ్డను భుజాన వేసుకుంటే మొహం ఎటు ఉంటుంది? కొంగు జారింది. ఆ బిడ్డ నేరుగా నన్ను చూసింది.

మేనమామను మింగబోయే మొహం అది. నా గుప్పెడంత కూడా లేదు. కళ్ళకింద నీలంగా ఉంది, పెదవులు ఎండిపోయాయి, ఏడుద్దామని నోరు తెరిస్తే శబ్దం రాలేదు. ఆ తెరిచిన నోట్లో నాకు పన్ను కనిపించలేదు. తెల్లగా, సున్నం కొట్టినట్టు, నాలుక, బుగ్గలు అన్నీ తెల్లగా కనిపించాయి.

అక్క తల తిప్పి నన్ను చూసింది. ఒక్కసారిగా ఆమె మొహం పాలిపోయింది. బిడ్డ మొహం మీదికి కొంగు లాగేసి, "రేయ్, కండ్లు మూసుకోరా! కండ్లు మూసుకో!" అని అరిచింది. నా ప్రాణం పోతుందేమోనన్న భయం ఆ గొంతులో. అమ్మతో అంత పోట్లాడి వచ్చిన మనిషి కూడా ఆ గండాన్ని నమ్ముతోందని నాకు అప్పుడు తెలిసింది. నమ్ముతూనే బిడ్డను తీసుకుని వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. బస్సు దిగేదాకా తెరవలేదు. కండక్టరు నన్ను పుట్టుగుడ్డి అనుకుని చెయ్యి పట్టుకుని దించాడు.

మిషను ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టుకుని, తడి గుడ్డ వేలికి చుట్టుకుని నాలుక మీద మెల్లగా తుడిచి అక్కకు చూపించిందట. పాలయితే గుడ్డకు వచ్చేస్తుంది, ఇది రాదు, గీరితే పుండవుతుంది, ఇది నోటిపూత అంది. పసిబిడ్డల్లో మామూలేనట. బిడ్డ నోటి నుంచి తల్లి రొమ్ముకు, తల్లి నుంచి మళ్ళీ బిడ్డకు తిరుగుతుంటుంది గనక ఇద్దరికీ మందు వేయాలట, ఒకరికే వేస్తే తగ్గదట. అక్కకు సూదులతో పొడిచినట్టు ఉన్నది పన్ను గీరి కాదు, ఇందుకే. తేనె, వెలిగారం పేరు వినగానే డాక్టరమ్మ గొంతు లేచింది. ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె నాకించవద్దు, వెలిగారం అసలు తాకించవద్దు అంది. ఇంకో వారం ఇట్లాగే పాలు తాగకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనంది.

అక్క భయపడుతూ పై చిగురు చూపించి పన్ను సంగతి అడిగింది. డాక్టరమ్మ వేలితో తడిమి నవ్వింది. "పన్ను కాదమ్మా ఇది. చిగురు మీద చిన్న గింజ. చాలామంది బిడ్డలకు ఉంటాది. కొన్ని వారాల్లో దానికదే రాలిపోతాది, దాన్నేం చెయ్యొద్దు."

అక్క ఆమెను ఇంకోసారి చెప్పమంది. తలుపు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడి ఉన్న నాకు వినిపించేట్టు గట్టిగా చెప్పమంది. చెప్పాక, "తెరువురా కండ్లు" అంది. తెరిచాను. నా గండం అట్లా పోయింది, దానితోపాటు నా అపురూపం కూడా పోయింది. అక్క నవ్వింది, నవ్వుతూనే ఆ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఆ రోజుల్లో నోటిపూతకు నీలి మందు పూసేవారు, ఇప్పుడు అది మానేసి ఏవో చుక్కలు ఇస్తున్నారట. ఆ మందు పూశాక నా మేనకోడలు నేరేడుపళ్ళ తోట మొత్తం ఒక్కతే మేసి వచ్చినట్టు తయారయింది. ఆ నీలి నోటితోనే సాయంత్రానికి కాసిని పాలు తాగింది.

ఆసుపత్రిలో రెండు మూడు రోజులున్నాక, బిడ్డ తేరుకున్నాక, నేను పుంగనూరు బస్సు కోసం చూస్తుంటే అక్క మా ఊరు తగలకుండా కుప్పం వైపు పోయే బస్సు దగ్గరికి నడిచింది. బావకు కబురు పంపిందట, వచ్చి నిలబడి ఉన్నాడు. బస్సెక్కి కిటికీలో నుంచి నాతో, "మీ యమ్మకు చెప్పు, పన్ను కాదంట" అంది. 'మీ యమ్మ' అంది.

నేను వెళ్ళి చెప్పాను. అమ్మ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది, డాక్టరమ్మ తడిమి చూసిందా, ఊరికే చెప్పిందా అని. తరువాత లేచి వెళ్ళి ఆ అడ్డం కట్టిన చీర విప్పి మడతపెట్టింది. అన్నం దగ్గర చెంబు పట్టుకుని కూర్చోవడం మానేసింది. నన్ను కాలేజీకి పొమ్మంది.

బిడ్డకు కింది పళ్ళు రెండూ ముందు మొలిచాయని ఆరేడు నెలల తరువాత పట్టుగూళ్ళ లారీ డ్రైవరు చెప్పి పోయాడు. అమ్మ ఆ రోజు పాయసం చేసింది. ఎందుకని నాయన అడగలేదు. ఆ మరుసటి వారం అమ్మ ముందుగా కబురు పంపి, నన్ను తోడు తీసుకుని కుప్పం బయల్దేరింది. వెండి గిన్నె, ఉయ్యాల తాళ్ళు, బిడ్డ కోసం తన మెత్తటి చీరలు చింపి ఉతికి మడిచిన గుడ్డలు, ఒక బెల్లం దిమ్మె. దారంతా ఆ మూటను ఒళ్ళోంచి దించలేదు.

అక్క మమ్మల్ని చూసి చాలా మర్యాద చేసింది. మర్యాద అంటే మామూలు మర్యాద కాదు, కలెక్టరు వచ్చినా అంత చేయరు. కాళ్ళకు నీళ్ళిచ్చింది. అమ్మకు కుర్చీ వేసింది. మా అమ్మ జన్మలో కూతురింట్లో గానీ కొడుకింట్లో గానీ కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి. "కూసోండి" అంది అక్క. కాఫీ ఇచ్చింది, ఓళిగలు పెట్టింది. అక్క అత్త సగం తమిళంలో, సగం తెలుగులో మా ఊరి వానల గురించి అడిగింది. బిడ్డ చాప మీద పడుకుని కాళ్ళు ఆడిస్తోంది, బొద్దుగా, ఎర్రగా, కింద రెండు పళ్ళు బియ్యపు గింజల్లా మెరుస్తుంటే నవ్వుతోంది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, అరచేతులు పైకి. అడగలేదు. అక్క కూడా ఎత్తి ఆ చేతుల్లో పెట్టలేదు. వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని నేను ఓళిగలు తింటూ జోకులేశాను. నా జోకులకు అక్క అత్త ఒక్కతే నవ్వింది, ఆమెకు అవి సగమే అర్థమయ్యాయి గనక.

సాయంత్రం బస్సులో అమ్మ, "బిడ్డి బాగుండాది కదరా" అని మాత్రం అంది.

అంతే, అట్లా గడిచిపోయింది. అక్క రెండో కానుపు కుప్పంలోనే. పెళ్ళిళ్ళకు, చావులకు వచ్చేది, బంధువులా వచ్చి బంధువులా పోయేది. మేనకోడలు పెద్దదై మా అమ్మను పలకరించేది, అమ్మ దానికి తల దువ్వేది, అదంతా ఉంది. కానీ ఒళ్ళో వేసుకునే వయసు దాటిపోయింది.

అమ్మ పోయిన పదకొండో రోజు, వచ్చిన వాళ్ళంతా వెళ్ళాక, అక్కా నేనూ అంట్ల గిన్నెలు సర్దుతున్నాం. నేను ఏమీ అడగలేదు. తనే, గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఆ పొద్దు మా ఇంటికొచ్చినప్పుడు, బిడ్డిని ఇట్లియ్యి అని ఒక్క మాట అడిగింటే సాలురా. ఆమె ఒళ్ళో ఏసేస్తామనే కదా నీళ్ళు పోసి, కొత్త సొక్కా ఏసి పండబెట్టింటి. అడగతాదేమోనని సూస్తానే ఉంటిని."

ఆ చేతులు నాకు కనిపించాయి, ఒళ్ళో పైకి తెరిచి పెట్టుకున్న చేతులు. ఇయ్యమని అడిగే హక్కు తనకు లేదనుకుని, ఇస్తుందేమోనని చూస్తూ కూర్చున్న చేతులు. ఆ సంగతి అక్కకు చెప్పాను. అక్క గిన్నె తుడవడం ఆపలేదు. ఎప్పుడో తడి ఆరిపోయిన గిన్నెను తుడుస్తూనే ఉంది.

ఇప్పుడు కాలం మారింది, మంచికే మారింది. బిడ్డ నోట్లో చిన్న మచ్చ కనిపిస్తే గంటలో డాక్టరు ముందుంటున్నారు, దారాలు తడిపే అవ్వలు లేరు, పై పన్ను మొలిచినా గండం తగలడానికి ఒక్కో ఇంట్లో మేనమామలే కరువయ్యారు. నా మేనకోడలికి పెళ్ళయింది, ఈ మధ్యే ఆలస్యంగా ఒక బిడ్డ పుట్టాడు. అక్క అంతా తెలిసీ, పాత అలవాటున నోరు జారి, మనవడికి కాస్త తేనె నాకిద్దామందట. "నీకేమన్నా మతి ఉండాదా మా? డాక్టరు వద్దనింది కదా!" అని కూతురు వీధికంతా వినబడేట్టు అరిచింది, తల్లి కూడా తగ్గలేదు, నేను ఫోన్లో రెండు వైపులా విని వణికిపోయాను. మన లెక్కన ఆ మాటలకు ఇరవై ఏళ్ళ మౌనం రావాలి. నేను రాజీ చేద్దామని సాయంత్రం బస్సెక్కి కుప్పం పోతే, ఇద్దరూ ఒకే చాప మీద బిడ్డను మధ్యలో వేసుకుని, ఒకే పళ్ళెంలో తింటూ టీవీ చూస్తున్నారు. ఏం పని మీద వచ్చావని నన్నే అడిగారు.

ఊరికే వచ్చానన్నాను. వాళ్ళ నోటి దురుసుకు నాకు అసూయ కలిగింది. మా వాళ్ళు ఎంత మర్యాదస్తులని, ఒకరినొకరు ఒక్క మాట అడగలేనంత.